సంపెంగ నకలు

మా ఇంట్లో అరటిపండును మాగనివ్వం. ఎవరైనా గెల తెచ్చిస్తే పచ్చిగా ఉండగానే కూర వండేస్తాం, మిగిలినవి ఇరుగుపొరుగుకు పంచేస్తాం. కోడళ్లు కొత్తలో దీన్ని నా ముసలి చాదస్తం అనుకున్నారు. అనుకోనీ. తొక్క మీద నల్లమచ్చలు పడిన పండు నుంచి వచ్చే ఆ తియ్యటి ఘాటు ముక్కుకు తగిలితే ఇప్పటికీ నెత్తిన కొంగు కప్పేసుకుంటాను. ఈ భయం అరటిపండు వల్ల పుట్టింది కాదు. ఒక చవక అత్తరు సీసా వల్ల పుట్టింది. ఆ సీసా బాగుందని తీర్పు చెప్పింది మా మామ.

మాది కర్నూలు జిల్లాలో నేత ఊరు. బండి కడితే పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి మహానంది అడవి అంచుకు చేరొచ్చు. మా వీధిలో ఎవరు నెయ్యి కొన్నా, ఎవరు ఆముదం తీసినా ఒక చుక్క మా మామ ముక్కు దగ్గరికి రావలసిందే. ఆయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, గట్టిగా పీల్చి, "దీంట్లో కల్తీ ఉండాది" అన్నాడంటే ఆ అంగడివాడికి ఇక మా వీధిలో బేరం లేనట్టే. ముక్కు మీద అంత నమ్మకం ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. అదే మనిషి, ఆ సీసా తర్వాత, ఎవరు ఏ గిన్నె పట్టుకొచ్చినా "నాకు వాస్న తెల్దప్పా, పోండి" అని మొహం తిప్పుకునేవాడు. చనిపోయేదాకా అదే మాట.

మా అత్త సంగతీ చెప్పాలి. ఆమెది నల్లమల కింది పల్లె. చిన్నప్పుడే మా నేత ఇంటికి కోడలుగా వచ్చింది. కన్న బిడ్డల్లో ఆమెకు మిగిలింది మా ఆయన ఒక్కడే. అందుకని ఆయన తుమ్మితే కషాయం, దగ్గితే దిష్టి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని ఆయన నేస్తుంటే ఆమె గడపలో కూర్చుని చూస్తూ ఉండేది. పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు కాసేపు ఆగితే చాలు, "ఏమిరా, ఏమైనాది?" అని కేక. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మనిషికి పెళ్లయిందనీ, చూసుకునేందుకు పెళ్లాం అని ఒకతె ఉందనీ ఈమెకు ఎవరైనా చెబితే బాగుండునని పళ్లు నూరుకునేదాన్ని.

అది యుద్ధం నడుస్తున్న కాలం. నూలు కంట్రోలులోకి వెళ్లిపోయింది. మా మగ్గం నెలల తరబడి ఉత్తదే ఉండి, గుంతలో దుమ్ము పేరుకుంది. చివరికి ఎలాగో నూలు దొరికింది. ఆగిన మగ్గం మళ్లీ ఆడితే దాని మీద దిగే తొలి చీర మహానంది అమ్మవారికి ఇవ్వడం మా ఇంటి ఆచారం. పసుపు చీర, ఎర్ర అంచు. దాన్ని నేసినవాడే నెత్తిన పెట్టుకుని పోవాలి. ఇల్లు దాటాక గుడి చేరేదాకా ఆ మూట నేల తాకకూడదు. తాకితే అది అమ్మవారికి పనికిరాదు, ఆ మగ్గానికి మంచిది కాదు. బయలుదేరే ముందు చీర మడతల్లో సంపెంగ అత్తరు అద్దాలి. చుక్క చాలు. మామ తండ్రి నాటి గాజు కుప్పె ఒకటి ఇంట్లో ఉండేది. అప్పటికి అది ఖాళీ అయిపోయింది. కానీ బిరడా తీస్తే ఇంకా సంపెంగ తోటలో నిలబడినట్టే ఉండేది.

ఆ రోజుల్లోనే అత్తరు సాయిబు వచ్చాడు. కర్నూలు నుంచి ఏడాదికోసారి చెక్కపెట్టె భుజాన వేసుకుని వచ్చే మనిషి. మామ అరుగు మీద చాప వేయించి కూర్చోబెట్టి సంపెంగ అడిగాడు.

"అసలుది యాడుండాదప్పా ఇప్పుడు? యుద్ధం వచ్చినాక నా కంటికే కనపల్లేదు" అని సాయిబు పెట్టెలోంచి ఒక చిన్న సీసా తీశాడు. "ఇది నకలు. బొంబాయి సరుకు. పువ్వు ముట్టింది కాదు, మందులతో చేసింది. నేను అబద్ధం చెప్పను, పైన అల్లా చూస్తాండాడు."

"నకలని నువ్వే చెప్తే ఎవరు కొంటారు సాయిబూ?"

"ధర విన్నోళ్లు కొంటారు."

మామ నవ్వాడు. ఆ తర్వాత పరీక్ష మొదలుపెట్టాడు. అదొక చిన్న జాతర. ముందు బూడిదతో చేతులు రుద్దుకుని కడుక్కున్నాడు. ఎడమచేతి వెనక వైపు నకలు చుక్క పెట్టుకున్నాడు. కుడిచేతికి పాత కుప్పె బిరడా రుద్దుకున్నాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. మధ్యలో ముక్కు విశ్రాంతికి వాకిట్లోకి పోయి గాలి పీల్చుకొచ్చాడు. కాగితం ముక్క మీద వేసి నూనె మచ్చ ఎంత పాకుతుందో చూశాడు. సాయిబు మర్యాదగా కూర్చుని తమలపాకు నములుతున్నాడు. మా ఆయన కూడా మగ్గం గుంతలోంచి లేచి వచ్చి వాసన చూసి, "రెండూ ఒగటే గదా నాయినా" అనేశాడు.

నాకూ చూపించారు. మొదట సంపెంగే. కాదని ఎవరూ అనలేరు. కానీ పాతది మెల్లగా వచ్చి మనపక్కన కూర్చునే వాసన. ఇది వస్తూనే నెత్తికెక్కుతుంది. కాసేపాగితే పువ్వు వెనక్కి పోయి, మాగి మగ్గిన అరటిపండు ఘాటు మిగులుతుంది. ఆ మాటే అన్నాను. మామ "ఊ" అన్నాడు. కోడలి ముక్కుకు అంతకుమించి మర్యాద దక్కలేదు.

అప్పుడు అత్త వంటింట్లోంచి వచ్చింది. మామ చెయ్యి చాపాడు. ఆమె వంగి వాసన చూసి, చటుక్కున తల వెనక్కి లాక్కుంది.

"ఈ వాస్న నాకు తెల్సు" అంది.

"తెలీకేం. సంపెంగే గదా."

"సంపెంగ కాదు. అది పైపైన. ల్వాపల ఇంగొకటుండాది. నా చిన్నప్పుడు చూసినా. మా ఊర్లో." ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఆ పొద్దు మాయమ్మ శానా ఏడ్చినాది."

"యాల?" అని కారణం అడిగాడు మామ.

"గుర్తు రాలేదు. ఇది వొద్దు. అంపేయ్."

మా అత్తకు ఒక అన్న ఉండేవాడని, ఆమె ఇంకా సరిగా మాటలు రాని వయసులో పోయాడని నాకు తెలుసు. ఎలా పోయాడో వాళ్ల అమ్మ ఎవరికీ చెప్పలేదట. ఆ పేరెత్తితే లేచి వెళ్లిపోయేదట. అందుకని అత్తకు కూడా తెలియదు. ఆ రోజు ఆమె మొహం చూస్తే మాత్రం, ఆమెకు తెలుసుననీ, తెలిసినది నోటిదాకా వచ్చి ఆగిపోతోందనీ అనిపించింది. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను భయపడింది ఆమెకు. ఆమె భయపడటం చూడటం అదే మొదటిసారి.

మామ సీసా కొన్నాడు. "నీకు చిన్నప్పటి ఏడుపు గుర్తొచ్చినాదని అమ్మవారి చీర ఆపల్నా?" అన్నాడు. తీర్పు కూడా అప్పుడే చెప్పేశాడు. "నకలే. కానీ శానా మంచి నకలు. అసలుదీ ఇదీ పక్కపక్కన పెట్టకపోతే అమ్మవారికి గూడా తెలీదు."

మర్నాడు చీరను మగ్గం నుంచి కోసి, గంజి బిగువు పోకుండా మడిచి, కిటికీ పక్కన చాప మీద పెట్టారు. అసలు అత్తరైతే మామ చుక్కచుక్కకూ ఊపిరి బిగబట్టేవాడు. ఇది చవకది కదా, చెయ్యి ధారాళమైంది. ప్రతి మడతలోనూ పోశాడు. మిగిలింది పైన మూటగుడ్డకు పూశాడు. సీసా ఖాళీ అయ్యేసరికి ఇల్లంతా ఆ వాసనతో బరువెక్కి, నాకు తల తిరిగింది.

మా పెరట్లో మునగచెట్టు పూతమీద ఉంది. దాని మీద తిరుగుతున్న తేనెటీగ ఒకటి కిటికీలోంచి లోపలికి వచ్చింది. నేరుగా చీర దగ్గరికే వచ్చింది. మామ చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"చూసినారా! తేనీగే పువ్వనుకుని మోసపోయినాది. దీనికన్నా సాక్షి ఇంగేం కావల్ల?"

నేను చూస్తూ ఉన్నాను. మునగపూత మీద తేనెటీగ వాలుతుంది, కూర్చుంటుంది, తన పని తాను చూసుకుంటుంది. ఇది వాలలేదు. చీరకు కొట్టుకుని వెనక్కి పోతోంది, మళ్లీ వచ్చి కొట్టుకుంటోంది. దాని రొద సన్నగా, కోపంగా పెరుగుతోంది.

"మామా, అది వాల్లేదు" అన్నాను.

"కొత్త పువ్వు గదా, సిగ్గుపడతాండాది" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు.

"తడిపి చూడు" అంది ఆమె. "మంచి అత్తరు తడిసినా పోదంటావే నువ్వు. ఒక కొన తడిపి చూడు. వాస్న పోతే అది అమ్మవారికి పనికిరాదు."

"అమ్మవారి చీరకు నీళ్లు తగిలిస్తావా? గంజి పోతాది, చీర పాతబడతాది. బుద్ధుండాల."

"అట్లయితే మూట వాని నెత్తిన పెట్టొద్దు. నేను మోస్తా."

"నేసినోడు మొయ్యల్ల. నువ్వు నేసినావా?"

ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆచారం ఆమెకు మాత్రం తెలియదా? కానీ ఆ రాత్రి వంట చేస్తూ నాతో చెప్పింది. నాతో ఆమె మనసు విప్పి మాట్లాడటం అరుదు. "నాకు ఆ సీర అంటే బయం లేదు. ఆ వాస్న నా కొడుకు మీద ఉండడమే నాకు బయం. నవ్వుకుంటావేమో నవ్వుకో." నాకు నవ్వు రాలేదు.

తెల్లవారుతూనే బండి కట్టారు. మామ ముందు కూర్చున్నాడు. మా ఆయన మూటను ఒళ్లో పెట్టుకుని, నేల తగలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అత్త ఆయన పక్కనే. ఎండ ముదిరేకొద్దీ మూటలోంచి వాసన ఇంకా చిక్కబడింది. సంపెంగ అన్నది ఎప్పుడో ఎగిరిపోయింది. బండిలో ఉన్నదంతా మగ్గిన అరటిపండే. అత్త మధ్యమధ్యలో మూట మీదికి వంగి వాసన చూసి, కళ్లు మూసుకుని కూర్చునేది. పుండును గోకినట్టు మళ్లీ మళ్లీ చూసేది. దారిలో ముక్కలు ముక్కలుగా ఏదో అనేది.

"ఎవురో నాకు కంబళి కప్పినారు. తలకాయ గూడా కప్పేసినారు."

కాసేపటికి, "పొగ. పొగ పెట్టండని మాయమ్మ అరుస్తాంది."

"ఇల్లు కాలినాదేమో" అన్నాడు మామ, వెనక్కి తిరగకుండానే.

"కాదు. బయట. చెట్ల కింద."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన "మాకు ఇది మామూలే" అన్నట్టు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం రాకపోగా, ఉన్నదీ పోయింది. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. వెనక్కి తిప్పమని బండివాడితో అనాలనిపించింది. ఏ ముఖం పెట్టుకుని అనేది, వాసన బాగాలేదని చెప్పనా?

అడవి అంచున ఒక వాగు ఉంది. అక్కడి నుంచి గుడిదాకా చెప్పుల్లేకుండా నడవాలి. బండి దిగాం. మా ఆయన మూట నెత్తిన పెట్టుకున్నాడు. మామ టెంకాయల సంచీతో ముందు నడిచాడు. వాగు ఒడ్డున పెద్దపెద్ద ఏరుమద్ది చెట్లు. వాటి పైకొమ్మలకు చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి, నల్లగా, కదలకుండా. నేను పైకి చూడటం గమనించి మామ, "దినామూ ఎందరో పోతాంటారు వాటి కింద. మన జోలికి రావు" అన్నాడు. నిజమే. మా ముందే ఒక కుటుంబం పిల్లల్ని చంకనేసుకుని, మాట్లాడుకుంటూ ఆ చెట్ల కిందుగా వెళ్లిపోయింది. ఏమీ కాలేదు.

మేము చెట్టు నీడలోకి వచ్చాం. పైన నల్లటి పట్టు మీద ఏదో అల కదిలినట్టయింది. ఒక తేనెటీగ దిగి మూట చుట్టూ తిరిగింది. మా ఇంట్లో కిటికీ దగ్గర విన్న రొద అదే. మరుక్షణం మా ఆయన "అబ్బా" అని మెడ పట్టుకున్నాడు.

అత్త వెంటనే ఆయన మెడ మీదికి వంగింది, ముల్లు తీద్దామని. వంగిన మనిషి అలాగే ఆగిపోయింది. కుట్టిన చోటి నుంచి ఆ వాసనే వస్తోంది. పక్కనే ఉన్న నాకూ తగిలింది. మగ్గిన అరటిపండు. మూటలో ఉన్నదే, మనిషి మెడ మీద.

"ఇదే!" అని అరిచింది. "ఇదేరా ఆ వాస్న! తేనీగలది! మాయన్నను తేనీగలు సంపినాయి! పారెయ్ రా సీర!"

తేనె తీసేవాళ్లు తర్వాత మాకు చెప్పారు. పెద్ద తేనెటీగ కుట్టినప్పుడు ఆ ముల్లు నుంచి మగ్గిన అరటిపండు వాసన వస్తుందట. మిగతావాటికి అది పిలుపట, శత్రువు ఇక్కడున్నాడు రమ్మని. ఒక్క ముల్లు వాసనకే పట్టు సగం లేస్తుందట. మేము సీసాడు పోసిన మూటను నెత్తిన పెట్టుకుని ఆ చెట్ల కిందికి నడిచి వచ్చాం.

పైన మబ్బు విరిగి పడినట్టు వచ్చాయి. మా ఆయన మూటను పారేయలేదు. పారేయలేడు. నెలల తరబడి ఎదురుచూసి నేసిన అమ్మవారి చీరను నేలకు వేసే నేతగాడు మా ఊళ్లో పుట్టలేదు. రెండు చేతులూ మూటకే ఉన్నాయి, మొహం మీది ఈగల్ని తోలుకోవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. "అమ్మవారి సీర గదమ్మా!" అని ఏడుపుగొంతుతో అంటున్నాడు. ఆ పిచ్చి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అత్త ఆయన చేతుల్లోంచి మూటను గుంజుకుంది. ఆమె కూడా నేలకు వేయలేదు. తన నెత్తిన పెట్టుకుంది. నావైపు తిరిగి, "వాన్ని పట్టుకో! నా ఎనక రానీయొద్దు!" అని, మాకు దూరంగా వాగు వైపు పరిగెత్తింది. ఆ మబ్బంతా మమ్మల్ని వదిలి ఆమె వెంట పోయింది. మా ఆయన ఆమె వెనక పోబోయాడు. నేను నడుం పట్టుకుని ఆయన మీద పడి, పైన నా చీరకొంగు కప్పేశాను. ఆయన నన్ను తిట్టాడు, కొట్టాడు. నేను వదల్లేదు. ఆ ఇంట్లో ఆమె నాకు చెప్పిన పనుల్లో మారుమాట్లాడకుండా చేసింది అదొక్కటే.

కొంగు సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆమె వాగు మడుగులోకి దిగింది. మూటను గుండెకు హత్తుకుని నీళ్లలో కూర్చుంది. మూట మునిగింది. తల మునగలేదు, ఊపిరి కావాలి కదా. ఈగలు ముసిరి ఆ తల నల్లగా అయిపోయింది. బండివాడూ మామా ఎండుగడ్డి అంటించి పొగ పెట్టి మడుగు దగ్గరికి చేరేసరికి చాలా ఆలస్యమైపోయింది. అత్త వాళ్ల అమ్మ ఆనాడు పెట్టమని అరిచిన పొగే అది.

ఆమెను మహానంది సత్రంలో పడుకోబెట్టాం. కళ్లు పూడిపోయాయి, మొహం ఆమెది కాదు. చేతులు మాత్రం మూటను వదల్లేదు.

"వాడు యాడుండాడు?" అంది.

"ఈడే ఉండాడత్తా. మెడమీద వాచినాది, అంతే. బాగుండాడు."

ఆయన చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లు తడిమి చూసుకుంది, పుట్టిన బిడ్డ వేళ్లు చూసుకున్నట్టు. "మాయమ్మ యాల ఏడ్చినాదో ఇప్పుడు తెల్సినాది" అంది. పొద్దు వాలకముందే పోయింది.

గుడి గోపురం సత్రం వాకిట్లోంచి కనబడుతూనే ఉంది. మైల వచ్చింది కాబట్టి లోపలికి పోకూడదు. పసుపు కుంకుమలతో పోయిన మనిషికి కొత్త చీర కప్పాలి. ఊరుకాని ఊరు, మా దగ్గర ఉన్న కొత్త చీర అదొక్కటే. మామ ఎవరినీ అడగలేదు. ఆమె చేతుల్లోంచి మూట మెల్లగా విడిపించి, ముడి విప్పి, తడి చీర బయటికి తీశాడు. గంజి పోయి మెత్తగా వాలిపోయింది.

అలవాటు కొద్దీ మడత ఒకటి ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. పీల్చాడు. ఇంకో మడత తీశాడు. కళ్లు మూసుకోలేదు, తల పక్కకు వాల్చలేదు. చీరంతా అలా మడత తర్వాత మడత వాసన చూసుకుంటూ పోయాడు. మేము ఆయన్ను ఆపలేదు. చివరికి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"నువ్వు తడిపి చూడమంటివి" అన్నాడు. "తడిస్తే పోయినాదే. రవంత గూడా లేదు. నువ్వు చెప్పిందే నిజం."

 తర్వాత తనే ఆ చీరను ఆమె మీద పరిచి, ఎర్ర అంచు ముడత లేకుండా చేత్తో సరిచేశాడు.